గోదావరి జనాన్ని కొండ రైలు ఎక్కించిన రోజులు

ఈ మధ్య టూరిజం కోర్సు చదువుతున్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. "టూర్ మేనేజర్‌కి ముఖ్యంగా ఏం తెలిసుండాలి మేడం?" అని అడిగింది. చరిత్ర అనో, హిందీ అనో చెబుతాననుకుంది కాబోలు. "ఎవరికి ఎప్పుడు ఆకలేస్తుందో తెలియాలమ్మా" అన్నాను. నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక, ఇంకాస్త వివరంగా చెప్పి ఉండాల్సిందనిపించింది. ఆ అమ్మాయికీ, అలాంటి వాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో. టికెట్లు బుక్ చేసే పనిలో చేరి, తర్వాత గ్రూపులను వెంటబెట్టుకుని తిరిగే పనికి మారాను. కాశీ, షిర్డీ యాత్రలు ఊళ్ళో అందరూ వేసేవారు. మా యజమాని మూర్తి గారికి మాత్రం కొండ రైళ్ళంటే పిచ్చి. డార్జిలింగ్, సిమ్లా, మాథేరాన్. చిన్న ఇంజను, అగ్గిపెట్టెల్లాంటి పెట్టెలు, సన్నటి పట్టాల మీద కొండను చుట్టుకుంటూ పైకెక్కే పాతకాలపు రైళ్ళు. ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి.

"మనం కొండనేదే లేకుండా పెరిగినవాళ్ళమండీ. చేలు, కాలవలు, చెరువులు. అంతా చదును. మనవాళ్ళని పైకెక్కే రైలెక్కించాలి" అనేవారు మూర్తి గారు.

ఆయన అన్నది నిజమే. పెనుగొండ నుంచి వచ్చిన ఒక బట్టలకొట్టు యజమాని భార్య, మొదటి మలుపు దగ్గరే నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "ఏంటమ్మా ఇది, మన రైలు తోక మనకే కనపడుతోందేంటి?" అంది. ఆ ఆశ్చర్యాన్ని నేను చాలామంది మొహాల్లో చూశాను. నాకు ఈ ఉద్యోగం మీద విసుగు రాకపోవడానికి ఒక కారణం అదే.

చెత్త సీటు

మొదటి గ్రూపును అప్పగించడానికి ముందు మూర్తి గారు నన్ను ఒక్కదాన్నే డార్జిలింగ్ పంపారు. బయల్దేరేటప్పుడు ఒకే ఒక మాట చెప్పారు.

"మంచి సీటులో కూర్చోకండి. పెట్టెలో అన్నింటికంటే చెత్త సీటేదో చూసి, దాన్లో కూర్చోండి."

అలాగే కూర్చున్నాను. మూల సీటు. కొండ వైపు. రైలు ఒక దిక్కుకు పోతుంటే నేను ఇంకో దిక్కుకు తిరిగి ఉన్నాను. అందరూ అవతలి కిటికీలోంచి లోయను చూసి కేరింతలు కొడుతుంటే నాకు పాచిపట్టిన రాళ్ళు, కారుతున్న నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. దిగేసరికి మెడ పట్టేసింది, మనసులో మూర్తి గారిని తిట్టుకున్నాను.

తర్వాత గ్రూపును తీసుకెళ్ళినప్పుడు తెలిసింది ఆ ప్రయాణం విలువ. ఈ ఉద్యోగంలో సగం పని కిటికీ సీట్ల తగాదాలు తీర్చడమే. ఆ మూల సీటు ఎవరికి వచ్చినా వాళ్ళ బాధ నాకు ముందే తెలుసు. కాబట్టి బయల్దేరే ముందే చెప్పేసేదాన్ని: సగం దారిలో ఈ వైపు వాళ్ళు ఆ వైపుకి, ఆ వైపు వాళ్ళు ఈ వైపుకి. పేచీ పెట్టేవాళ్ళు అయినా ఉంటారు. కానీ ముందే చెప్పిన పద్ధతి మీద పెద్ద గొడవ చేయడానికి మనిషికి కాస్త మొహమాటం అడ్డొస్తుంది.

మూర్తి గారి మంచి చెప్పాను కాబట్టి రెండోదీ చెప్పాలి. ఆయన ఏ కరపత్రం వేసినా "తప్పకుండా" అనే మాట లేకుండా వేసేవారు కాదు. తప్పకుండా మంచుకొండలు కనిపిస్తాయి, తప్పకుండా సూర్యోదయం చూస్తారు. ఆయన రాజమండ్రిలో కూర్చుని రాసేవారు. డార్జిలింగ్‌లో సూర్యోదయం చూడ్డానికి ఎక్కే టైగర్ హిల్ మీద, దట్టమైన పొగమంచులో, స్వెటర్ల మీద శాలువాలు కప్పుకుని వణుకుతున్న జనం మధ్య నిలబడి సమాధానం చెప్పుకోవాల్సింది నేను. కొండ ఎవరి మాటా వినదు. మీరు ఈ పనిలోకి వస్తే ఆ "తప్పకుండా"ని మీ నోట రానివ్వకండి.

కడియం సత్తిబాబు గారు

సత్తిబాబు గారిది కడియంలో నర్సరీ. భార్యతో కలిసి సిమ్లా టూరుకి వచ్చారు. కల్కాలో రైలెక్కిన దగ్గర్నుంచీ ఆయన లోయ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కొండ వైపు కూర్చుని, బండరాళ్ళ సందుల్లో మొలిచిన మొక్కల్ని చూసుకుంటూ తనలో తను ఏదో గొణుక్కుంటున్నారు.

"సత్తిబాబు గారూ, ఇటు రండి, వంతెన వస్తోంది. రాతి కమానులు అంతస్తులుగా కట్టారు, చాలా బాగుంటుంది" అని పిలిచాను.

"మీరు సూడండి మేడం. నాకిక్కడ పనుంది" అన్నారు.

పెద్ద సొరంగం దాటాక బరోగ్ స్టేషన్‌లో రైలు ఆగింది. అందరూ టీ తాగుతున్నారు. సత్తిబాబు గారు కనపడలేదు. వెతికితే ప్లాట్‌ఫారం చివర తోటమాలి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. ఆయనకి హిందీ రాదు, తోటమాలికి తెలుగు రాదు. ఇద్దరూ ఒక నీలం పూల మొక్క మొదట్లో మట్టిని వేళ్ళతో నలిపి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఇంజను కూత వేసింది. ఆయన కదల్లేదు. నేను పరుగున వెళ్ళి చొక్కా పట్టుకుని లాగాను. ఇద్దరం కదులుతున్న రైలెక్కాం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంత దూరం వచ్చి మట్టి పిసుక్కుంటారేంటండీ! కొండలు చూడరా?" అన్నాను.

ఆయనేం బాధపడలేదు. "ఈ పువ్వు మా దగ్గర ఎంత చేసినా గులాబీరంగే వత్తాదండి. ఇక్కడ నీలంగా ఎందుకొత్తాందో తెలుసుకుందావని ఈ టూరుకొచ్చేనండి. ఆయ్" అన్నారు.

ఆయన భార్య నా వైపు చూసి, ఇంకేం లాభం లేదన్నట్టు చెయ్యి ఊపింది. ఆ తర్వాత సిమ్లాలో మిగతావాళ్ళు జాకూ కొండ మీది హనుమంతుడి గుడికి వెళ్ళినప్పుడు ఆయన్ని నేనే ఒక నర్సరీ దగ్గర దింపాను. డబ్బు కట్టి వచ్చిన మనిషి ఏం చూడాలో మనం నిర్ణయించకూడదు. మనం దారి చూపిస్తాం, అంతే. నర్సరీ నుంచి తిరిగొచ్చినప్పుడు ఆయన మొహంలో ఉన్న సంతోషం, గ్రూపులో ఇంకెవరి మొహంలోనూ లేదు.

కర్సియాంగ్‌లో వాన

ఇప్పుడు నేను ఎక్కువగా చెప్పాలనుకున్న సంగతి.

దసరా సెలవుల్లో డార్జిలింగ్ గ్రూపు. అందులో భీమవరం నుంచి ఒక జంట. సూర్యనారాయణ రాజు గారు రొయ్యల చెరువులు చేస్తారు. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. గ్రూపులో ఎవరికి దాహమేసినా ముందు ఆయన సంచిలోంచే నీళ్ళ సీసా బయటికి వచ్చేది. ఆయన భార్య సీతాయమ్మ గారు సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఆవిడకి ఆయాసం ఉంది. డాక్టరు వెళ్ళొచ్చన్నారనీ, మందులు వెంట ఉన్నాయనీ టికెట్టు రాయించుకున్నప్పుడే చెప్పారు.

ఈ ప్రయాణం ఆవిడ కోరిక. పక్కింటివాళ్ళు డార్జిలింగ్ వెళ్ళొచ్చి, అక్కడ రైలు బజారు మధ్యలోంచి వెళ్తుందనీ, కిటికీలోంచి చెయ్యి చాపితే కొట్లో వేలాడే అరటిపండు అందుతుందనీ చెప్పారట. "నిజంగా అందుతుందా అమ్మా?" అని రాజమండ్రి స్టేషన్ దాటినప్పటి నుంచి నన్ను అడుగుతూనే ఉన్నారు.

కొండ కింద పెద్ద రైలు దిగి, వ్యాన్లలో కర్సియాంగ్ చేరాం. అది సగం కొండ మీద ఉండే చిన్న ఊరు. అక్కడ ఆ రాత్రికి ఉండి, పొద్దున్న చిన్న రైలెక్కి డార్జిలింగ్ చేరాలి. సాయంత్రం హోటల్లో గదులు పంచుతుంటే, మెట్ల మలుపులో సీతాయమ్మ గారు కూర్చుండిపోయి కనపడ్డారు. పెదాలు పాలిపోయాయి. మాట మధ్యలో తెగిపోతోంది. మందు పీల్చుకున్నాక కాస్త కుదుటపడ్డారు.

"రాజు గారిని పిలుస్తానండీ" అన్నాను.

ఆవిడ నా చీర కొంగు పట్టుకున్నారు. "ఆయనకి చెప్పకమ్మా. చెప్తే రేపు రైలెక్కనివ్వరు. నేను బానే ఉన్నాను. చూడు, తగ్గిపోయింది కదా."

సరేనన్నాను. గ్రూపులో ఒక డాక్టరు ఉన్నారేమోనని చూస్తే లేరు. రాజు గారు బజారు చూడ్డానికి వెళ్ళినప్పుడు, హోటల్ నడిపే ఆవిడ, నేపాలీ మనిషి, ఊళ్ళో డాక్టరుని తన గదికి పిలిపించింది. ఆయన చూసి, కదలకుండా కూర్చుంటే పర్వాలేదు, శ్రమ పెట్టకండి, చలిలో ఎక్కువసేపు ఉంచకండి అన్నాడు.

రాత్రంతా వాన కురిసింది. పొద్దున్న లేచి హోటల్ పక్క కల్వర్టు దగ్గరికి వెళ్ళాను. ముందురోజు తేటగా పారిన నీళ్ళు ఎర్రగా, మట్టితో దిగుతున్నాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే పైన ఎక్కడో నేల కోసుకుపోతోందని మనకి తెలిసిందే. హోటల్ ఆవిడని అడిగితే, "మా అబ్బాయిని ఈ రోజు పైకి పంపను" అంది. స్టేషన్‌కి వెళ్ళి కనుక్కున్నాను. లైను చూసొచ్చారు, బండి నడుస్తుంది అన్నారు. వాళ్ళ లైను వాళ్ళకి తెలుసు. వాళ్ళ మాట మీద నాకు అనుమానం లేదు.

నా భయం వేరు. రైలుకేమీ కాకపోవచ్చు. ఎక్కడో ఒక చోట పట్టాల మీద నాలుగు రాళ్ళు పడితే, వాటిని తీసేదాకా ఆగుతుంది. అటూ ఇటూ కదలడానికి లేని చోట, ఆ చలిలో, ఆ వానలో, మూసిన పెట్టెలో సీతాయమ్మ గారికి మెట్ల మీద వచ్చినట్టు మళ్ళీ వస్తే నేనేం చేస్తాను?

అందరూ సంచులతో స్టేషన్‌కి వచ్చేశారు. అప్పుడు చెప్పాను. "ఈ వానలో మనం రైలెక్కడం లేదండి. తగ్గేదాకా ఇక్కడే ఉండి, రోడ్డు మీద డార్జిలింగ్ వెళ్దాం."

ఒక్కసారిగా గోల లేచింది. "బండి నడుస్తుంటే మనకేంటండీ?" "దీనికోసమే కదండీ వచ్చాం?" అందరికంటే పెద్దగా రాజు గారి గొంతు.

"ఏంటండీ సుశీల గారూ ఇది! రైల్వేవాళ్ళకి లేని భయం మీకెందుకండీ? మా ఆవిడ దీనికోసం ఎన్నాళ్ళ నుంచి చూస్తోందో తెలుసా మీకు? మళ్ళీ వస్తాదా ఆవిడ? మీరు తీసుకొస్తారా?"

ఆయన వెనక సీతాయమ్మ గారు తల దించుకుని నిలబడ్డారు. ఒక్క మాట చెబితే ఆయన నోరు మూతపడుతుంది. కానీ అది చెబితే ఈ గ్రూపంతా మిగతా ప్రయాణమంతా ఆవిడ వైపు ఎలా చూస్తుందో నాకు తెలుసు. ఒకరి వల్ల మా రైలు పోయింది అంటారు. మాటల్లో అనకపోయినా చూపుల్లో అంటారు.

"వాన బాగా ఎక్కువగా ఉందండి. నా బాధ్యత" అన్నాను.

అరటిపండు

బజారు గుండా హోటల్‌కి నడుస్తున్నాం. అక్కడ పట్టాలు రోడ్డు పక్కనే, కొట్ల అరుగుల్ని ఆనుకునే పోతాయి. వెనక కూత వినపడింది. అందరం ఒక పళ్ళకొట్టు రేకుల కింద సర్దుకున్నాం.

రైలు మా ముందు నుంచే వచ్చింది. మనిషి నడిచినంత మెల్లగా. మేం ఎక్కాల్సిన పెట్టె ఖాళీగా ఉంది. "అవిగో మన సీట్లు" అన్నారు రాజు గారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

సీతాయమ్మ గారు కొట్లో వేలాడుతున్న గెల నుంచి ఒక పండు తుంచారు. ఆవిడ ఏం చేస్తున్నారో మాకు అర్థమయ్యేలోపు ఒక్క అడుగు ముందుకేసి, తర్వాతి పెట్టె కిటికీలోకి చెయ్యి చాపారు. లోపల కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడి, చూసి, రెండు చేతులతో అందుకున్నాడు. పెట్టెలోవాళ్ళంతా నవ్వారు. ఆవిడ కూడా నవ్వారు, దగ్గు వచ్చేదాకా. కొట్టువాడు గెలంతా దించి ఆవిడ ముందు పెట్టాడు. రైలు మొత్తం వెళ్ళిపోయేలోపు ఆవిడ ఇంకో నాలుగు కిటికీలకి పళ్ళు అందించారు. మా గ్రూపులోవాళ్ళు కోపం మర్చిపోయి "ఆ కిటికీకి ఇవ్వండి, ఈ కిటికీకి ఇవ్వండి" అని అరిచారు. రాజు గారొక్కరే మొహం అటు తిప్పుకుని నిలబడ్డారు.

రైలు మలుపు తిరిగాక ఆవిడ నా పక్కకి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "నా కోసమే ఆపావు కదమ్మా?" అన్నారు.

"వానకి ఆపానండి" అన్నాను.

"అలాగేలే" అన్నారు. చెయ్యి నా చేతిలో పెట్టి ఉంచారు. చాలా చల్లగా ఉంది ఆ చెయ్యి.

ఆ రోజు కొండ జారలేదు. రైలు ఏ ఇబ్బందీ లేకుండా డార్జిలింగ్ చేరింది. మర్నాడు వాన వెలిశాక మేం వ్యాన్లలో వెళ్ళాం. ఘుమ్‌లో బౌద్ధ మందిరం చూశాం, టీ తోటల్లో ఫొటోలు దిగాం. అక్కడ చిన్న రైలు టికెట్లు సెలవుల వల్ల ఎప్పుడో అయిపోయాయి. కొండ రైలు టూరుకి వచ్చి కొండ రైలెక్కకుండా వెనక్కి వచ్చిన గ్రూపు నా ఉద్యోగంలో అదొక్కటే.

కొండ జారలేదు కాబట్టి నువ్వు చేసింది తప్పు అని తర్వాత చాలామంది అన్నారు. జారి ఉంటే వాళ్ళే నాకు దండ వేసేవాళ్ళు. నిర్ణయం తీసుకునేటప్పుడు మన చేతిలో ఉన్నదాన్ని బట్టి తీసుకుంటాం. తర్వాత ఏమైందన్నది మన చేతిలో లేని సంగతి. ఈ రెండింటినీ కలిపి చూసుకోవడం మొదలుపెడితే ఈ పని చేయలేరు.

ప్లాట్‌ఫారం మీద, ఆఫీసులో

రాజమండ్రిలో మూర్తి గారు స్వయంగా స్టేషన్‌కి వచ్చారు. దిగినవాళ్ళు దిగినట్టు ఆయన్ని చుట్టుముట్టారు. ఆయన అందరు చెప్పిందీ ఓపిగ్గా విన్నారు. చివరికి, "ఆ రోజు అక్కడున్నది ఆవిడండీ. నేను కాదు, మీకు తెలిసిన ఇంకెవరూ కాదు. ఆవిడ వద్దంటే నేనూ వద్దన్నట్టే" అన్నారు.

ఆఫీసుకి వెళ్ళి తలుపు మూశాక అసలు చీవాట్లు మొదలయ్యాయి. సీతాయమ్మ గారి సంగతి ఆయనకి అప్పుడు చెప్పాను. ఆయన ఇంకా మండిపడ్డారు.

"కట్టుకున్నవాడి దగ్గర దాస్తానని మీరు మాటెలా ఇచ్చారండీ? ఏమన్నా అయ్యుంటే ఆయన మొహం ఎలా చూసేవారు? ఇంకోటి. అంత చేదు కబురు, జనం సామాన్లు మోసుకుని నిలబడ్డప్పుడా చెప్పేది? టిఫిన్ పెట్టి, కూర్చోబెట్టి చెప్పాలి."

రెండో మాట వెంటనే ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ చేదు కబురు నిలబెట్టి చెప్పలేదు. మొదటి మాట మీద మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. ఆవిడ ఒంటి సంగతి ఆవిడది. ఎవరికి చెప్పాలో ఆవిడ ఇష్టం. అలా అని మూర్తి గారు అన్నదీ కాదనలేను. ఒకటి మాత్రం తెలుసు. నలుగురిలో వెనకేసుకొచ్చి, నాలుగు గోడల మధ్య కడిగేసే యజమాని దొరికితే జీతం చూసుకోకుండా అక్కడే ఉండిపోండి.

మాథేరాన్

కొన్ని నెలల తర్వాత రాజు గారు ఆఫీసుకి వచ్చారు. చేతిలో రొయ్యల పచ్చడి సీసా. దాన్ని నా బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుని, సీసా మూత బిగువు మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నారు. నేనే, "సీతాయమ్మ గారు ఎలా ఉన్నారండీ?" అన్నాను.

"హాస్పిటల్లో ఉండొచ్చిందండి. ఇప్పుడు పర్లేదు. మందులు మార్చారు." సీసాని కాస్త నా వైపు జరిపి, "మెట్ల మీద కూర్చుండిపోయిన సంగతి అక్కడ చెప్పిందండి నాకు. ఆ రోజు స్టేషన్లో నేను మిమ్మల్ని..."

"మర్చిపోండి రాజు గారూ."

ఆయన మర్చిపోతానని గానీ, క్షమించమని గానీ అనలేదు. బల్ల మీదకి వంగి, ఆ పెద్ద గొంతుని వీలైనంత తగ్గించి, "ఎత్తు తక్కువుండే కొండ రైలేదైనా ఉందాండి?" అన్నారు.

ఉంది. ముంబై దగ్గర మాథేరాన్. డార్జిలింగ్‌తో పోలిస్తే చిన్న గుట్ట. కింద నేరల్‌లో ఎక్కితే పైదాకా అదే రైలు, మధ్యలో నడక లేదు. ఆవిడ డాక్టరుతో నేనే ఫోన్లో మాట్లాడాను. చలికాలం పోనిచ్చి, వానలు రాకముందు వెళ్ళమన్నారు. నేను రిటైరయ్యే ముందు తీసుకెళ్ళిన ఆఖరి గ్రూపు అదే.

సీట్లు పంచేటప్పుడు ఎవరినీ అడగలేదు. సీతాయమ్మ గారికి లోయ వైపు కిటికీ ఇచ్చాను, సగం దారిలో మారాల్సిన పని లేదని చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. రాజు గారు పక్కన కూర్చున్నారు. రైలు కదిలింది. మెల్లగా ఊగుతూ మొదటి మలుపు ఎక్కింది, రెండోది ఎక్కింది. కింద ఊళ్ళు చిన్నవయ్యాయి. కిటికీలోంచి గాలి బాగా వస్తోంది.

కొంతసేపటికి చూస్తే సీతాయమ్మ గారు నిద్రపోతున్నారు. తల భర్త భుజం మీద వాలి ఉంది. ఎదురుగా కూర్చున్నావిడ కంగారుపడింది. "అయ్యో, లేపండమ్మా, ఇప్పుడే అసలు మంచి లోయ వస్తుందట. ఇంత దూరం వచ్చి నిద్రపోతే ఎలా?"

నేను లేచి, చెయ్యి చాపాను. రాజు గారు కదలకుండానే వద్దన్నట్టు తన చెయ్యెత్తారు.

"లేపకండి సుశీల గారూ" అన్నారు. "చూశారా, ఊపిరి ఎంత బాగా ఆడుతోందో."

లోయ వచ్చింది. పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి జరిగి, ఫోన్లు పైకెత్తారు. రాజు గారు అటు చూడలేదు. నేను నా సీటుకి వెళ్ళి కూర్చున్నాను.